అయిదున్నర గుంటల గడి: కోటగిరి చెరకును రిసోర్స్‌శాట్-2ఏ ఎంతవరకు లెక్కించగలదు?

రిసోర్స్‌శాట్-2ఏ ఉపగ్రహంలోని లిస్-3 కెమెరా నేలను 23.5 మీటర్ల గళ్లుగా విడగొట్టి చూస్తుంది. కోటగిరి రైతు లెక్కలో అలాంటి ఒక్క గడి అయిదున్నర గుంటలు. అదే ఉపగ్రహంలో ఉన్న లిస్-4 కెమెరా గడి 5.8 మీటర్లు, అంటే గుంటలో మూడో వంతు. మూడో కెమెరా ఏవిఫ్స్ గడి 56 మీటర్లు, అంటే ముప్పై ఒక్క గుంటలు. యూరప్ అంతరిక్ష సంస్థ నడిపే సెంటినెల్-2 ఉపగ్రహాల 10 మీటర్ల గడి దాదాపు సరిగ్గా ఒక గుంటకు సరిపోతుంది. ఎకరాకు నలభై గుంటలు, గుంటకు 101 చదరపు మీటర్లు అన్న లెక్క మీద వేసిన అంకెలివి. ఉపగ్రహ చిత్రాల గురించి వచ్చే వార్తలు మీటర్లలో మాట్లాడతాయి. పొలం గుంటల్లో ఉంటుంది. రెండింటినీ ఒకే కొలతలోకి తెస్తే తప్ప ఏది కనిపిస్తుంది, ఏది కనిపించదు అన్న చర్చ మొదలు కాదు.

ఈ వ్యాసం ఒకే ప్రశ్నను పట్టుకుంటుంది. నిజామాబాద్ జిల్లా కోటగిరి లాంటి మండలంలో, కనుచూపు మేర వరి మధ్య అక్కడక్కడ మిగిలిన చెరకును ఉపగ్రహ చిత్రాల నుంచి ఎకరాల లెక్కగా తీయవచ్చా? తీస్తే ఆ లెక్కను ఏ మేరకు నమ్మాలి? చెరకు మీద ఉపగ్రహ అధ్యయనాలు దేశంలో కొత్తవి కావు. కేంద్ర ప్రభుత్వ ‘ఫసల్’ కార్యక్రమం అంచనా వేసే పంటల్లో చెరకు కూడా ఉంది. అయితే జాతీయ, రాష్ట్ర స్థాయిలో పనికొచ్చే అంచనా ఒక మండలానికి వచ్చేసరికి అలాగే పనికొస్తుందని ముందే అనుకోవడం సరికాదు.

ఈ ప్రశ్న కోటగిరిలో ఎందుకు పుట్టిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. మంజీర నది మీద నిజాంసాగర్ ప్రాజెక్టు 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ నీటి భరోసాతోనే 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. కాలువ కింద చెరకు, చెరకు కోసం ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ కోసం రైలు, రోడ్డు, క్వార్టర్లు: బోధన్, కోటగిరి, వర్ని, రుద్రూర్ చుట్టుపక్కల జీవితం చాలాకాలం ఈ గొలుసు మీదే నడిచింది. రుద్రూర్‌లోని పరిశోధన స్థానం పేరులో చెరకు, వరి రెండూ కలిసి ఉండటం ఆ కాలానికి గుర్తు. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు వేసే రైతు దూరపు మిల్లుల వైపు చూడాల్సి వచ్చింది. మడులు వరికి మళ్లాయి. మూతపడ్డ నిజాం చక్కెర ఫ్యాక్టరీలను తిరిగి తెరిచే మార్గాలు చూడటానికి రాష్ట్ర ప్రభుత్వం 2024 జనవరిలో ఒక కమిటీని వేసింది.

తెరవాలంటే మొదటి ప్రశ్న చెరకు ఎంత ఉంది, ఎంత రావచ్చు అన్నదే. ఉదాహరణకు రోజుకు 2,500 టన్నుల గానుగ సామర్థ్యం ఉన్న మిల్లు 120 రోజులు ఆడాలంటే మూడు లక్షల టన్నుల గడ కావాలి. ఎకరాకు 30 టన్నులు వస్తుందనుకుంటే పది వేల ఎకరాలు కావాలి. ఇవి నేను ఊహకు తీసుకున్న అంకెలు, బోధన్ మిల్లువి కావు. ఇంత పెద్ద నిర్ణయం ఎకరాల అంచనా మీద నిలబడుతుందని చూపడానికే వీటిని తీసుకున్నాను. ఆ అంచనా రెట్టింపు తప్పయితే నష్టపోయేది లెక్క వేసిన వాళ్లు కాదు. ఫ్యాక్టరీ మాట నమ్మి వరి మడిలో చెరకు ముక్క నాటిన రైతు నష్టపోతాడు.

కక్ష్య ఏం నిర్ణయిస్తుంది

రిసోర్స్‌శాట్-2ఏ 2016 డిసెంబర్ 7న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ36 మీద వెళ్లింది. బరువు 1,235 కిలోలు. దానికి ముందు ఇదే వరసలో 2003 అక్టోబర్‌లో రిసోర్స్‌శాట్-1, 2011 ఏప్రిల్‌లో రిసోర్స్‌శాట్-2 వెళ్లాయి. మూడింటి కక్ష్య ఒక్కటే: 817 కిలోమీటర్ల ఎత్తు, భూమధ్యరేఖతో 98.7 డిగ్రీల వాలు, ఒక్కో చుట్టుకు 101.35 నిమిషాలు.

ఆ 101.35 వెనుక ఒక పొందిక ఉంది. ఉపగ్రహం 24 రోజుల్లో సరిగ్గా 341 చుట్లు తిరుగుతుంది. 24 రోజుల నిమిషాలను 341తో భాగిస్తే 101.35 వస్తుంది. ఇరవై అయిదో రోజున అది మొదటి రోజు నడిచిన దారిలోనే తిరిగి నడుస్తుంది. భూమధ్యరేఖ చుట్టుకొలత 40,075 కిలోమీటర్లను 341తో భాగిస్తే పక్కపక్క దారుల మధ్య ఎడం 117.5 కిలోమీటర్లు. ఉత్తరానికి వచ్చేకొద్దీ ఆ ఎడం తగ్గుతుంది. కోటగిరి ఉన్న 18.5 డిగ్రీల అక్షాంశం దగ్గర నా లెక్కలో అది సుమారు 111 కిలోమీటర్లు.

ఈ ఎడాన్ని కెమెరాల వెడల్పు పక్కన పెట్టి చూడాలి. లిస్-3 ఒకసారికి 141 కిలోమీటర్ల వెడల్పు నేలను పడుతుంది. ఎడం కంటే అది ఎక్కువ కాబట్టి ఎక్కడా ఖాళీ మిగలదు, పక్క దారుల చిత్రాలు మన అక్షాంశంలో 30 కిలోమీటర్ల మేర ఒకదాని మీద ఒకటి పడతాయి. లిస్-4 వెడల్పు 70 కిలోమీటర్లే. ఉపగ్రహం నిట్టనిలువుగా కిందికి చూస్తూ పోతే రెండు దారుల మధ్య 40 కిలోమీటర్ల పైచిలుకు నేల దానికి అందదు. అందుకే లిస్-4ను అటూ ఇటూ 26 డిగ్రీల దాకా వాల్చే ఏర్పాటు పెట్టారు. వాల్చితే ఏ ఊరినైనా అయిదు రోజుల్లో మళ్లీ చూడవచ్చు. వాల్చాలంటే మాత్రం ఎవరో ముందుగా ఆ చోటును కోరాలి. కోటగిరి వైపు చూస్తున్నంతసేపు ఇంకో చోటు చూడటం కుదరదు. పైగా వాలుగా చూసినప్పుడు గడి సాగుతుంది. మూడు మీటర్లు ఎదిగిన చెరకు తోట అంచు ఒకటిన్నర మీటరుకు పైగా పక్కకు జరిగినట్టు పడుతుంది. 5.8 మీటర్ల గడిలో అది నాలుగో వంతుకు మించిన జరుగుడు.

అయిదు రోజులు అన్న అంకె కూడా కక్ష్యలోంచే వచ్చింది. 341ని 24తో భాగిస్తే 14 పోగా 5 మిగులుతుంది. రోజుకు పద్నాలుగు చుట్లు పోగా మిగిలే ఆ 24లో 5 వంతుల వల్ల దారి రోజుకు అయిదు మెట్ల చొప్పున జరుగుతుంది. అయిదు రోజులకు ఇరవై అయిదు మెట్లు, అంటే ఒక పూర్తి వరస మీద ఒక మెట్టు. ఈ రోజు దారికి ఆనుకుని ఉన్న దారిలోకి ఉపగ్రహం అయిదు రోజుల తర్వాత వస్తుందన్నమాట. ఏవిఫ్స్ వెడల్పు 740 కిలోమీటర్లు కావడంతో పక్క దారి నుంచి కూడా కోటగిరి దానికి కనిపిస్తుంది. అందుకే దానికి వాల్చే పని లేకుండానే అయిదు రోజుల పునర్దర్శనం దొరుకుతుంది. బదులుగా ఇచ్చుకున్నది గడి పరిమాణం.

ఇక వేళ. ఈ ఉపగ్రహం ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతూ భూమధ్యరేఖను ఎప్పుడూ స్థానిక కాలం ఉదయం పదిన్నరకు దాటేలా కక్ష్య కుదిరింది. భూమి నడుము దగ్గర ఉబ్బి ఉంటుంది. అక్కడి వ్యాసార్ధం ధ్రువాల దగ్గర కంటే 21 కిలోమీటర్లు ఎక్కువ. ఆ ఉబ్బు లాగుడుకు కక్ష్య తలం మెల్లగా తిరుగుతుంది. 817 కిలోమీటర్ల ఎత్తుకు 98.7 డిగ్రీల వాలు జత చేస్తే ఆ తిరుగుడు రోజుకు దాదాపు ఒక డిగ్రీ, ఏడాదికి ఒక పూర్తి చుట్టు అవుతుంది. సూర్యుడి చుట్టూ భూమి తిరిగే వేగమూ అంతే. ఇంధనం ఖర్చు లేకుండా భూమి ఆకారమే ఉపగ్రహానికి వేళ తప్పకుండా చూస్తుంది. ఈ శాస్త్రంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకునే విషయం ఇదే.

భూమధ్యరేఖ దగ్గర పదిన్నర అయితే కోటగిరి గడియారంలో ఎంత? మన అక్షాంశం దగ్గర స్థానిక కాలం పన్నెండు నిమిషాలు ముందుంటుంది. కోటగిరి రేఖాంశం 77.8 డిగ్రీలు, భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీలది, కాబట్టి మరో పంతొమ్మిది నిమిషాలు కలపాలి. అంటే ఉపగ్రహం మనకు దగ్గరి దారిలో వచ్చిన రోజున వేళ సుమారు పదకొండు. పొద్దుటి మంచు విడిచి, మధ్యాహ్నపు మబ్బు ఇంకా కట్టని వేళ. ఆకు కొలతకు అది మంచి సమయం.

వేళ ఒక్కటే అయినా ఎండ ఒక్కటి కాదు. అదే పదకొండు గంటలకు మే నెల మధ్యలో సూర్యుడు కోటగిరి మీద 72 డిగ్రీల ఎత్తున ఉంటాడు, నవంబర్ మూడో వారంలో 50 డిగ్రీల దగ్గరే ఉంటాడు. రెండు చిత్రాల్లో ఒకే తోట వేర్వేరు వెలుగులో పడుతుంది. ముడి అంకెలను అలాగే పోలిస్తే పంటలో లేని మార్పు ఉన్నట్టు కనిపిస్తుంది. ముందు వాటిని నేల వెనక్కి పంపిన కాంతి శాతంగా మార్చుకోవాలి. కోటగిరి మీది చిత్రం తీసిన క్షణంలోనే షాద్‌నగర్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం యాంటెన్నాలకు అందుతుంది. 817 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం చుట్టూ మూడు వేల కిలోమీటర్ల దూరం వరకు కనిపిస్తుంది, షాద్‌నగర్ మనకు రెండు వందల కిలోమీటర్ల లోపే. చిత్రం అందడంలో ఆలస్యం లేదు. కష్టమంతా దాన్ని చదవడంలో ఉంది.

మడి అంచు

ఎకరం చదరంగా ఉందనుకుంటే ఒక్కో వైపు 63.6 మీటర్లు. లిస్-3లో ఆ విస్తీర్ణం ఏడు గళ్ల పైచిలుకు. అందులో గట్టు దాటకుండా పూర్తిగా ఒకే మడిలో పడే గళ్లు సగటున మూడే. మిగతావన్నీ గట్టును, పక్క మడిని, కాలువ ఒడ్డును కలుపుకుని ఉంటాయి. లిస్-4లో ఎకరాకు 120 గళ్లు పడితే దాదాపు 99 శుద్ధమైనవి. సెంటినెల్-2 పది మీటర్ల గళ్లు నలభైలో సుమారు 29. ఏవిఫ్స్‌కు ఎకరం చెరకు మడిలో శుద్ధమైన గడి ఒక్కటి కూడా దొరకదనే అనుకోవాలి. ఇదంతా గళ్ల వరస, గట్ల వరస ఒకే దిక్కున ఉన్నాయనుకుని వేసిన లెక్క. ఆయకట్టు మడులు నీటి వాలును బట్టి మెలికలు తిరుగుతాయి కాబట్టి నిజంలో శుద్ధమైన గళ్లు ఇంకా తక్కువే.

ఇంతవరకు చదివితే లిస్-4 తెప్పించుకుంటే సరిపోతుందనిపిస్తుంది. నాకు అలా అనిపించడం లేదు. లిస్-4 చూసేది ఆకుపచ్చ, ఎరుపు, సమీప పరారుణ కాంతులను మాత్రమే. లిస్-3కు వీటితో పాటు 1.55 నుంచి 1.70 మైక్రాన్ల మధ్య నాలుగో పట్టీ ఉంది. ఆకులో, నేలలో ఉన్న తడిని పసిగట్టేది ఆ పట్టీయే. పచ్చదనపు సూచిక లెక్కించడానికి ఎరుపు, పరారుణం చాలు, కానీ ఆ సూచిక దట్టమైన పంటలో పైకప్పును తాకి ఆగిపోతుంది. సెప్టెంబర్‌లో పొట్ట దశకు వచ్చిన వరీ, నిలువెత్తు చెరకూ రెండూ ఇంచుమించు ఒకే అంకె ఇస్తాయి. ఆ నెలలో ఎంత సన్నని గడి తెచ్చినా రెండింటినీ విడదీయడం కష్టం. గడి పరిమాణం అంచుల సమస్యను తీరుస్తుంది, పోలిక సమస్యను తీర్చదు.

పోలికను తీర్చేది పంటల క్యాలెండరే. ఆయకట్టులో వానాకాలం వరి జూలై, ఆగస్టుల్లో నాటు పడి అక్టోబర్, నవంబర్‌లలో కోతకు వస్తుంది. యాసంగి వరి డిసెంబర్, జనవరిల్లో నాటు పడి ఏప్రిల్ నాటికి కోత అయిపోతుంది. అంటే వరి మడి ఏడాదిలో రెండుసార్లు బోడిగా కనిపిస్తుంది. చెరకు పది నుంచి పన్నెండు నెలలు నేలను వదలదు. జనవరి, ఫిబ్రవరిల్లో ముక్క నాటిన మొక్క తోట అయినా, గడ కొట్టాక మోడు నుంచి లేచిన కార్శి తోట అయినా మే నెలలో పచ్చగా ఉంటుంది. నవంబర్ చివర చుట్టూ కోసిన వరి మోళ్ల మధ్య అది నిలబడే ఉంటుంది. మేలో పచ్చన, నవంబర్ చివర పచ్చన: రెండూ కుదిరిన గడి చెరకు కావచ్చు. ఒక్క నెల చూసి తేల్చడం కంటే ఇది చాలా బలమైన ఆధారం.

‘కావచ్చు’ అని ఆపడానికి కారణాలున్నాయి. నిజామాబాద్ జిల్లా అంటేనే పసుపు. జూన్‌లో వేసిన పసుపు నవంబర్‌లో నిండుగా పచ్చగా ఉంటుంది, ఆకు ఎండేది జనవరి వైపు. ఒక్క నవంబర్ చిత్రంతో లెక్క వేస్తే పసుపు చేను చెరకు ఖాతాలో పడే ప్రమాదం ఉంది. మే చిత్రం దాన్ని తప్పిస్తుంది, ఎందుకంటే అప్పటికి పసుపు ఇంకా వేయలేదు. మామిడి తోట రెండు నెలల్లోనూ పచ్చగానే ఉంటుంది. దాన్ని పట్టాలంటే మూడో చిత్రం కావాలి. గడ కొట్టిన వెంటనే, ఫిబ్రవరి, మార్చిలలో, చెరకు మడి కొన్ని వారాలు బోడిగా కనిపిస్తుంది, మామిడి అలా కనిపించదు. చెరువు ఒడ్డున, కాలువ పక్కన పెరిగే జమ్ము ఇంకో చిక్కు. రెండో వైపు పొరపాటు కూడా ఉంది. ఆలస్యంగా, మార్చి చివర నాటిన మొక్క తోటలో మే నాటికి సాళ్ల మధ్య నేలే ఎక్కువ కనిపిస్తుంది. అలాంటి తోట లెక్కలోంచి జారిపోతుంది.

ఇక్కడ మళ్లీ కక్ష్య అడ్డొస్తుంది. నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ రెండో వారం వరకు, వరి కోసిన తర్వాత, యాసంగి నాట్లు ఊపందుకోక ముందు, మనకు దొరికే కిటికీ సుమారు నాలుగు వారాలు. 24 రోజులకోసారి వచ్చే లిస్-3 ఆ కిటికీలో కచ్చితంగా చూసేది ఒక్కసారి. ఆ పూట మబ్బు పడితే ఏడాది ఆధారం పోయినట్టే. రెండు దారుల చిత్రాలు కలిసే 30 కిలోమీటర్ల పట్టీలో ఊరు ఉంటే అయిదు రోజుల తేడాతో రెండో అవకాశం వస్తుంది. వర్ని, కోటగిరి వైపు కొందరు యాసంగి నాట్లు ముందే మొదలుపెడతారు, అక్కడ కిటికీ ఇంకా ఇరుకు. రెండు సెంటినెల్-2 ఉపగ్రహాలు కలిసి అయిదు రోజులకోసారి, రెండు లాండ్‌శాట్‌లు కలిసి ఎనిమిది రోజులకోసారి వస్తాయి కాబట్టి వాటిని కలుపుకోవడం తప్పనిసరి. దేశీయ ఉపగ్రహం మీద అభిమానం ఉన్నా కొలత విషయంలో దొరికిన ప్రతి చూపునూ వాడాలన్నదే నా అభిప్రాయం. ఏవిఫ్స్ గడి చెరకు మడికి పనికిరాకపోయినా దాని అయిదు రోజుల చూపు ఒక పనికి బాగా అక్కరకొస్తుంది. ఆ ఏడాది ఆయకట్టులో వరి ఎప్పుడు కోతకు వచ్చిందో, ఎప్పుడు నాటు పడిందో అది చెబుతుంది. ఏ తేదీ సన్న గడి చిత్రాన్ని ఎంచుకోవాలో దాన్ని బట్టి తేలుతుంది.

వానాకాలంలో మబ్బు తెరిపి ఇవ్వదు. అక్కడ రాడార్ కావాలి. 2022 ఫిబ్రవరి 14న పీఎస్‌ఎల్‌వీ-సీ52 మోసుకెళ్లిన ఈఓఎస్-04, యూరప్ సెంటినెల్-1 రెండూ అయిదున్నర సెంటీమీటర్ల తరంగంతో రాత్రీ పగలూ, మబ్బులోంచి కూడా చూస్తాయి. దమ్ము చేసి నీళ్లు నిలిపిన మడి ఆ తరంగాన్ని అద్దంలా అవతలికి తోసేస్తుంది, చిత్రంలో నల్లగా పడుతుంది. నాటిన పైరు ఎదిగేకొద్దీ తెల్లబడుతుంది. నలుపు నుంచి తెలుపుకు వెళ్లే ఆ నడక వరికి ముద్రలాంటిది. చెరకుకు దమ్ము లేదు. అంటే రాడార్ చెరకును నేరుగా చూపకపోయినా ఏది వరో గట్టిగా చెప్పి తీసివేతలో సాయం చేస్తుంది. 2025 జూలై 30న వెళ్లిన నైసార్ ఉపగ్రహం 24 సెంటీమీటర్ల తరంగంతో కూడా చూస్తుంది. అది ఆకుల పొరను దాటి గడ దాకా వెళ్లగలదు కాబట్టి ఎత్తైన చెరకు దగ్గర కొత్త సమాచారం ఇస్తుందన్న ఆశ సహేతుకమే. మన ఆయకట్టు పొలాల్లో పరీక్షించి చూసేదాకా దాన్ని ఆశగానే ఉంచాలి.

తొంభై ఏడు శాతం ఏం దాస్తుంది

ఉపగ్రహ పటం పక్కన సాధారణంగా ఒక అంకె ఇస్తారు: ఖచ్చితత్వం ఇంత శాతం అని. చెరకు లాంటి అరుదైన పంట విషయంలో ఆ అంకె ఎంత మోసం చేయగలదో ఒక ఊహా మండలంతో చూద్దాం.

సాగు భూమి 20,000 ఎకరాలు. అందులో నిజమైన చెరకు 400 ఎకరాలు, అంటే రెండు శాతం. పద్ధతి చాలా మంచిదే అనుకుందాం. నిజమైన చెరకులో 90 శాతాన్ని పట్టింది: 360 ఎకరాలు. చెరకు కాని 19,600 ఎకరాల్లో వందకు మూడు చొప్పున మాత్రమే పొరపడి చెరకు అంది: 588 ఎకరాలు. పటం చూపే చెరకు మొత్తం 948 ఎకరాలు. నిజానికి రెండింతల కంటే ఎక్కువ. పటంలో చెరకు రంగు పడిన ప్రతి వంద ఎకరాల్లో 38 మాత్రమే చెరకు. అయినా మొత్తం ఖచ్చితత్వం లెక్క వేస్తే దాదాపు 97 శాతం వస్తుంది. అంకె నిజమే, పటం అబద్ధం చెప్పలేదు. కానీ రంగు గళ్లను కూడి ఎకరాలు చెప్పిన క్షణంలో లెక్క తప్పింది.

చెరకు నిండుగా ఉన్న రోజుల్లో ఇదే పద్ధతి ఇంత తప్పు చూపదు. మండలంలో సగం చెరకు ఉన్నప్పుడు అటు తప్పు ఇటు తప్పు కొంతవరకు కొట్టుకుపోతాయి. పంట తగ్గేకొద్దీ కాని చోట్ల పడే పొరపాటు పైచేయి అవుతుంది. ఫ్యాక్టరీ మూతపడి చెరకు పల్చబడ్డ ప్రాంతానికే ఈ ప్రమాదం ఎక్కువ. గడి సన్నబడితే ప్రమాదం తగ్గుతుంది, పోదు.

మార్గం లేకపోలేదు. పటంలోని రంగును లెక్కగా తీసుకోకుండా నమూనా ఎక్కడ తీయాలో చెప్పే సాధనంగా తీసుకోవాలి. చెరకు అని చూపిన 948 ఎకరాల్లో చీట్లు వేసినట్టు వంద బిందువులు ఎంచి ఒక్కో చోటికీ వెళ్లి చూస్తే 38 చెరకు తేలాయనుకుందాం. అప్పుడు ఆ భాగంలో అసలు చెరకు 360 ఎకరాలు, అటూ ఇటూ 90 ఎకరాల తేడాతో. చెరకు కాదు అని చూపిన 19,052 ఎకరాల్లోనూ రెండు వందల బిందువులు చూడాలి. అక్కడే అసలు చిక్కు. ఆ రెండు వందల్లో ఒక్కో బిందువు 95 ఎకరాలకు ప్రతినిధి. ఒక్క చోట చెరకు కనిపిస్తే అంచనా 455, కనిపించకపోతే 360, రెండు చోట్ల కనిపిస్తే 550. ఒక మనిషి ఒక గట్టు మీద నిలబడి చూసిన చూపుకు దాదాపు వంద ఎకరాల తేడా. అందుకే పంటల నమోదు సరిగా జరగడం ఇంత ముఖ్యం. వ్యవసాయ విస్తరణ అధికారి సర్వే నంబరు వారీగా రాసుకునే పంట పేరు ఉపగ్రహం వచ్చాక పాతబడిన కాగితం కాదు. ఉపగ్రహం చెప్పిన మాటను తూచే రాయి అదే. చెరకు ఎక్కువగా ఉండే వీలున్న కాలువ పక్క భూములను వేరే భాగంగా విడదీసి అక్కడ బిందువులు పెంచితే ఈ 95 ఎకరాల బరువు బాగా తగ్గుతుంది.

ఒక చిన్న సాంకేతిక విషయం ఈ జిల్లాకు ప్రత్యేకం. ఉపగ్రహ పటాలను చదును చేసే ప్రపంచ పద్ధతిలో భూమిని ఆరేసి డిగ్రీల పట్టీలుగా విడగొడతారు. 43వ పట్టీ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ముగిసి 44వది మొదలవుతుంది. ఆ గీత బోధన్‌కూ నిజామాబాద్ పట్టణానికీ మధ్యగా పోతుంది. కోటగిరి, బోధన్ ఒక పట్టీలో, నిజామాబాద్ ఇంకో పట్టీలో పడతాయి. రెండు వైపుల చిత్రాలను అజాగ్రత్తగా అతికిస్తే గీత పక్కన ఉన్న మడులు రెండుసార్లు లెక్కకు రావచ్చు. పాత చక్కెర పట్టీ మొత్తానికి అంచనా వేసేవారు దీన్ని ముందే చూసుకోవాలి.

1988 మార్చి 17న వెళ్లిన ఐఆర్‌ఎస్-1ఏ గడి లిస్-1 కెమెరాలో 72.5 మీటర్లు, అంటే ఎకరం కన్నా పెద్దది. అప్పటి నుంచి ఇప్పటికి కెమెరా ఎంత ముందుకు వచ్చిందో చెప్పనక్కరలేదు. పొలంలో నిలబడి పోల్చి చూసే పని మాత్రం ఆ వేగంతో పెరిగిందని నాకనిపించదు. కోటగిరి, వర్ని, రుద్రూర్, బోధన్ మండలాల్లో ఒకే ఏడాది మే, నవంబర్, ఫిబ్రవరి చిత్రాలు తీసుకుని, నమోదులోంచి చీటీ తీసి ఎంచిన సర్వే నంబర్లను అదే వారాల్లో వెళ్లి చూసి, మొక్క తోట, కార్శి తోట విడివిడిగా రాసుకుంటే ఒక్క ఏడాదిలో ఈ ప్రాంతానికి తన సొంత పొరపాట్ల పట్టిక దొరుకుతుంది. రుద్రూర్ పరిశోధన స్థానం పొలాల్లో ఏ తేదీన ఏది నాటారో ముందే రాసి ఉంటుంది కాబట్టి పద్ధతిని సరిచూడటానికి అంతకన్నా దగ్గరి చోటు లేదు. ఆ తర్వాత ఎవరు చెరకు అంచనా ప్రకటించినా అందులో నాలుగు వివరాలు అడగవచ్చు. చిత్రాల తేదీలు, గడి పరిమాణం గుంటల్లో, చెరకు అన్నదాంట్లో ఎంత చెరకు తేలింది, కాదన్నదాంట్లో ఎంత తేలింది. ఈ నాలుగూ లేని ఎకరాల అంకె మీద రైతును ముక్క నాటమని అడగకూడదు.